గడ్డకట్టిన కడలిపై మార్గదర్శి: మాత్యూ హెన్సన్ చరిత్రము

సముద్రమనగా ఎట్టిదో మన ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇచ్ఛాపురము మొదలు భోగాపురము వరకు కడలియే మనకు తూర్పు సరిహద్దు. బారువ యొడ్డున తెప్ప నెక్కు జాలరికిని, కళింగపట్టణపు దీపస్తంభమును చూచుచు పెరిగిన బాలునికిని సముద్రము కదలునది, ఘోషించునది, ఉప్పనిది. అట్టి సముద్రము రాతిబండవలె గట్టిపడుననియు, దానిపై కుక్కలు బండ్లు లాగుననియు, మనుష్యులు వారముల తరబడి దానిపై నడచిపోయి మరల నడచివత్తురనియు చెప్పినచో నమ్ముట కష్టము. అయినను భూగోళముయొక్క ఉత్తరాగ్రమున అట్టి సముద్రము కలదు.

మన పూర్వులు ఆ చోటిని ఊహింపకపోలేదు. మేరువునందు దేవతలకు ఆరుమాసములు పగలు, ఆరుమాసములు రాత్రి యని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. వైదికార్యుల ఆదినివాసము ధ్రువప్రాంతమేయని బాలగంగాధర తిలకు 1903లో ఒక గ్రంథమే ప్రకటించెను. తిలకు వాదమును నేటి పండితులు అంగీకరింపరు గాని, ఆరుమాసముల రాత్రి మాత్రము సత్యమే. అయితే మేరువన్నచోట పర్వతము లేదు. రెండున్నర మైళ్లకు మించిన లోతుగల సముద్రము కలదు. దానిపై నిలువెత్తునకు మించిన మంచుపెంకు తేలుచుండును. అది ఒకచోట నిలువదు. గాలికిని, అడుగున పారు నీటికిని లోబడి రేయింబవళ్లు కదలుచునే యుండును.

ఆ మంచుపై నడచి ఉత్తరధ్రువమును మొదట చేరినవాడు అమెరికా నౌకాదళపు ఇంజనీరు రాబర్ట్ పియరీ యని పాఠ్యపుస్తకములు చాలకాలము చెప్పుచు వచ్చినవి. ఆతనికి ముందు నడచి దారి తీసినవాని పేరు ఆ పుటలలో కానరాదు. ఆ పేరు మాత్యూ అలెగ్జాండర్ హెన్సన్. ఆతడు నల్లజాతివాడు.

హెన్సన్ 1866వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, చార్లెస్ కౌంటీలో జన్మించెను. ఆ దేశమున బానిసత్వము చట్టమువలన రద్దయి అప్పటికి ఒక సంవత్సరమైనను నిండలేదు. తలిదండ్రులు పరుల భూమిని పాలునకు దున్నుకొని జీవించువారు. బాల్యముననే తల్లియు, పిదప తండ్రియు గతించిరి. పినతండ్రులు, పెదతండ్రులు ఎంతకాలము పోషింతురు? పండ్రెండేండ్లు నిండునప్పటికి ఆ బాలుడు కాలినడకను బాల్టిమోరు రేవుపట్టణము చేరి, కేటీ హైన్స్ అను సరకుల ఓడలో పనికుర్రవానిగా కుదిరెను. పొట్టకూటికై కళింగపట్టణములోనో, భీమునిపట్టణములోనో ఓడ యెక్కి రంగమునకు పోయిన వారి కథలు తాతల నోట వినియున్న కుటుంబములు మన జిల్లాలలో ఎన్ని లేవు! ఆ బాలుని నిష్క్రమణము వారికి తెలిసిన కథయే.

ఓడ దొర కెప్టెన్ చైల్డ్స్ సహృదయుడు. ఆతడు కుర్రవానిచేత వంటపాత్రలు తోమించి ఊరకుండలేదు. చదువను వ్రాయను నేర్పెను, భూగోళము నేర్పెను, నక్షత్రములను చూచి ఓడ ఉన్న తావును గుర్తించు విద్యయు నేర్పెను. చీనా, జపాను, ఫిలిప్పీను దీవులు, ఉత్తర ఆఫ్రికా, రష్యా రేవులు చూచుచు హెన్సన్ అయిదారేండ్లు సముద్రముపైనే పెరిగెను. ఆతనికి బడి యన్న ఆ ఓడయే. దొర మరణించిన పిదప ఓడ ఇల్లు కాజాలకపోయెను. నేలకు దిగి, ఆ పని ఈ పని చేసి, తుదకు వాషింగ్టను నగరములో ఒక టోపీల దుకాణమున గుమాస్తాగా చేరెను.

1887లో ఆ దుకాణమునకు ఒక నౌకాదళోద్యోగి వచ్చెను. మధ్య అమెరికాలోని నికరాగ్వా దేశమున కాలువ త్రవ్వుటకు వలయు కొలతలకై పోవుచు, ఎండటోపీ కొనుటకు వచ్చినవాడతడు. తనకొక పరిచారకుడు కావలెనని అడుగగా దుకాణదారుడు హెన్సన్‌ను చూపెను. మంచుకడలిపై ఇంచుమించు పదునెనిమిదేండ్లు కలిసి నడచిన ఇరువురిని మొదట కలిపినది ఎండటోపీ యగుట విచిత్రము. ఆ యుద్యోగియే పియరీ. నికరాగ్వా అడవులలో హెన్సన్ పరిచారకుడుగా వెళ్లి, కొలతగొలుసు పట్టు జట్టులో చేరి పనిమంతుడనిపించుకొనెను. గొలుసు పట్టువాని నేర్పు తప్పినచో కొలిచినవాని లెక్కయంతయు తప్పునని కొలతలు తెలిసినవారందరు ఎరుగుదురు. పియరీ కూడ ఎరిగెను. నాటినుండి హెన్సన్‌ను విడువలేదు.

1891లో పియరీ గ్రీన్‌లాండునకు పోయెను. ఆ దీవి నూటికి ఎనుబదిపాళ్లు మంచుతో కప్పబడినది. ఆ యాత్రలో పియరీ భార్య జోసెఫీనును, వైద్యుడుగా ఫ్రెడరిక్ కుక్కును ఉండిరి. ఈ కుక్కు పేరు కథలో మరల వచ్చును. ఓడలోనే పియరీకి కాలు విరిగెను. శీతకాలమునకు వలసిన ఇల్లు కట్టిన వడ్రంగి హెన్సన్. అక్కడి జనులను ఆ కాలమున ఎస్కిమోలనిరి. నేడు వారు తమ్ము పిలుచుకొను పేరుతో ఇన్యూయిట్లు అనుట మర్యాద.

తక్కిన దొరలు ఇన్యూయిట్లతో సైగలతోను, అరకొర మాటలతోను పని గడుపుకొనుచుండగా హెన్సన్ వారి భాష నేర్చెను. భాషతో కూడ విద్యలన్నియు వచ్చినవి. కుక్కలను విసనకర్రవలె విప్పారునట్లు కట్టి కొరడా చప్పుడుతో నడుపుట, ఎలుగుతోలు చల్లడము, లేడితోలు అంగీ, సీలుతోలు పాదరక్షలు ధరించుట, పాదరక్షలలో ఎండుగడ్డి పరచి చెమట ఆరనిచ్చుట, మంచుదిమ్మెలు కోసి గంటసేపటిలో గుండ్రని గుడిసె కట్టుట, మంచుబండి విరిగినప్పుడు చలిలోనే దానిని విప్పి మరల కట్టుట ఆతడు నేర్చెను. ఈ చివరి పనికి చేతితొడుగులు తీయవలెను. సున్నాకు దిగువ 40, 50 డిగ్రీల చలిలో కొన్ని నిమిషములకే వ్రేళ్లు తెల్లబడి చచ్చిపడును. తోలుబట్టలు కుట్టువారు అక్కడి స్త్రీలు. వారు దంతములతో నమిలి తోలు మెత్తపరచి కుట్టనిచో ఏ దొరయు ఒక్క దినమైన అక్కడ నడవజాలడు. ఇన్యూయిట్లు హెన్సన్‌ను తమవానిగా ఎంచి, దయగల మాత్యూ అను అర్థమువచ్చు మరిపాలుక్ అను పేరు పెట్టిరి.

1893 మొదలు 1906 వరకు జరిగిన యాత్రలన్నియు వివరింప తావు చాలదు. 1895లో గ్రీన్‌లాండు మంచుపీఠమును దాటివచ్చినప్పుడు కుక్కలన్నియు చచ్చి ఒక్కటి మాత్రము మిగిలెను. 1899 జనవరిలో, సూర్యుడు లేని రాత్రిలో, పాడుపడిన ఒక శిబిరమునకు చేరునప్పటికి పియరీ పాదములు గడ్డకట్టెను. హెన్సన్ పాదరక్షలు కోసి తీయగా వ్రేళ్లు కొన్ని వానితోడనే ఊడివచ్చెను. ఆతనిని బండిపై కట్టి ఓడకు చేర్చినవాడు హెన్సనే. పిమ్మట పియరీ చాలవరకు కాలివ్రేళ్లు లేనివాడై, ఈడ్చుచు నడువవలసివచ్చెను.

ఒక మచ్చను దాచరాదు. గ్రీన్‌లాండువారు తరతరములుగా కత్తులకు ఇనుము తీసికొన్న ఆకాశపు రాళ్లను పియరీ 1895, 1897 యాత్రలలో ఓడకెక్కించి తెచ్చెను. అందులో పెద్దది సుమారు 31 టన్నులు తూగును. అవి పిమ్మట న్యూయార్కు ప్రదర్శనశాలకు 40,000 డాలర్లకు చేరినవి. 1897లో ఆరుగురు ఇన్యూయిట్లను కూడ ఆతడు న్యూయార్కునకు తీసికొనివచ్చెను. కొలదినెలలలోనే నలుగురు రోగములతో చచ్చిరి. వారి యస్థులు తిరిగి స్వదేశపు మట్టి చేరుటకు 1993వ సంవత్సరము వరకు పట్టెను. దారి చూపినవారికి దక్కిన ప్రతిఫలములలో ఇదియు ఒకటి.

ఇక ముఖ్యమైన యాత్ర. 1908 జూలైలో రూజ్‌వెల్టు అను ఓడ న్యూయార్కు విడిచెను. దానికి నాయకుడు బాబ్ బార్ట్‌లెట్. గ్రీన్‌లాండులో ఇన్యూయిట్ల కుటుంబములను, కుక్కలను ఎక్కించుకొని, కెనడా ఉత్తరపు కొసనున్న ఎల్స్‌మియర్ దీవి చేరి మంచులో నిలిచిపోయెను. ఆ శీతకాలమంతయు చీకటిలో స్త్రీలు బట్టలు కుట్టిరి, పురుషులు వేటాడిరి, హెన్సన్ బండ్లు కట్టించెను. క్రొత్తగా వచ్చిన తెల్లవారికి కుక్కలను నడుపుట నేర్పినవాడును ఆతడే.

శీతకాలపు తుదిననే ఏల బయలుదేరవలెనను సందేహము కలుగవచ్చును. వేసవివరకు ఆగినచో మంచు పలుచనై చీలిపోవును, నీటిపై నడచువారుండరు. గట్టి చలి యున్నంతవరకే ఆ దారి దారి. అందువలన సూర్యుడింకను కనిపింపక మసకవెలుతురు మాత్రమున్న 1909 ఫిబ్రవరి 28, మార్చి 1 తేదీలలో కేప్ కొలంబియా అను కొసనుండి నేలను విడిచి సముద్రముపై అడుగిడిరి. మొత్తము 24 మంది మనుష్యులు, 19 బండ్లు, 133 కుక్కలు. ధ్రువమునకు 413 సముద్రపు మైళ్లు, అనగా సుమారు 765 కిలోమీటర్లు.

సముద్రపు మంచును మన చెరువుగట్టువంటి చదునైన నేలగా తలపరాదు. గాలికి రెండు పెంకులు ఢీకొన్నప్పుడు వాని యంచులు పగిలి ఇంటికప్పు ఎత్తున గట్టులుగా లేచును. అట్టి గట్టులను గొడ్డలితో త్రవ్వి బండ్లు ఎక్కించి దింపవలెను. పెంకులు విడిపోయినప్పుడు నడుమ నల్లని నీరు కనిపించును. ఆ చీలిక మన నాగావళియంత వెడల్పైనను కావచ్చును, వంశధారను మించియైనను కావచ్చును. దరి వెంబడి చుట్టు తిరిగిపోవుటయో, విడిపడిన మంచుముక్కను తెప్పగా చేసికొని దాటుటయో, నీరు మరల గడ్డకట్టువరకు కూర్చుండుటయో తప్ప వేరుదారి లేదు. సముద్రపునీరు సున్నాకు దిగువ ఇంచుమించు రెండు డిగ్రీలకు గడ్డకట్టును. లేతమంచు గాజువలె పగులదు. అడుగు పెట్టినప్పుడు తడిసిన చాపవలె వంగును. ముందు నడచువాడు ఈటెతో పొడిచి చూచి, కాళ్లు ఎడముగా జార్చుచు పోవలెను. మధ్యలో నిలువరాదు. జాలరి అల రంగును చూచి ఇసుకతిన్నెను గుర్తించునట్లు, దారి తెలిసినవాడు మంచు రంగును చూచి మందమును చెప్పును.

దాహమునకు నీరెక్కడిదని అడుగవచ్చును. నౌపడ ఉప్పుమడులలో ఎండకు నీరు పైకి పోయి ఉప్పు మిగులును. అక్కడ చలికి నీరు గడ్డయి ఉప్పు క్రిందికి జారిపోవును. సంవత్సరములు గడచిన పాతమంచు కరగించినచో చప్పని మంచినీరే. దానితోనే తేనీరు కాచుకొని, ఎండుమాంసమును క్రొవ్వుతో కలిపి చేసిన ముద్దలును, రొట్టెబిళ్లలును తిని నడచిరి. బలహీనమైన కుక్కను చంపి తక్కిన కుక్కలకు వేయుటయు ఆ లెక్కలోని భాగమే. చదువుటకు రోతగా నుండును. అది వారికి తెలిసియే లెక్కించుకొన్న విషయము.

పియరీ పథకము ఇట్టిది. అందరును చివరివరకు పోరు. కొందరు ముందు నడచి దారి చేయుదురు, కొందరు సామగ్రి మోయుదురు, సామగ్రి తగ్గినకొలది ఒక్కొక్క జట్టు వెనుకకు మరలును. మిగిలిన కొలదిమంది మాత్రము తుదకు పోవుదురు. మార్చి మొదటివారములోనే పెద్ద నీటిచీలిక అడ్డుపడి, ఇంచుమించు వారముదినములు అందరిని ఒడ్డున కూర్చుండబెట్టెను. తరువాత జట్టులు ఒక్కొక్కటిగా మరలినవి. మరలిపోవుచు రాస్ మార్విన్ అనువాడు మృతుడయ్యెను. మునిగిపోయెనని నాడు చెప్పిరి. వెంట నున్నవాడే కాల్చి చంపినట్లు 1926లో బయటపడెను. ఆ దారిలో ప్రాణభయము మంచువలననే కాదు.

ఏప్రిల్ 1వ తేదీన, 87 డిగ్రీల 47 నిమిషముల అక్షాంశమున, బార్ట్‌లెట్‌ను కూడ వెనుకకు పంపిరి. అప్పటికి ధ్రువము 133 సముద్రపు మైళ్ల దూరములో నుండెను. ఇచ్ఛాపురమునుండి విశాఖపట్టణమునకు ఇంచుమించు అంతయే. ముందునకు సాగినవారు ఆరుగురు: పియరీ, హెన్సన్, ఊటా, ఆతని సోదరుడు ఎగింగ్వా, సీగ్లూ, ఊక్వియా. బండ్లు 5, కుక్కలు 40.

ఓడ నాయకుని విడిచి హెన్సన్‌ను ఏల తీసికొనిపోయిరి? హెన్సన్ లేనిదే తనకు గడవదని పియరీ ఒప్పుకొనెను. కుక్కలను నడుపుటలోను, బండ్లను నిలుపుటలోను, ఇన్యూయిట్లతో మాటాడుటలోను ఆతనికి సాటి లేడు. కాని ఆ పుస్తకములోనే, నల్లజాతివాడగుటచే హెన్సన్‌కు ఒక జట్టును ఒంటరిగా నేలకు చేర్చు ధైర్యము చాలదని కూడ పియరీ వ్రాసెను. ఇరువదేండ్లు తన ప్రాణమును ఎవని చేతిలో ఉంచెనో వానిని గూర్చియే ఈ మాట! మరి తెల్లవాడొకడు వెంట నుండినచో కీర్తి పంచుకొనవలసివచ్చునని పియరీ జంకెనని కొందరి తలంపు. ఆ తలంపు నిరాధారమని త్రోసివేయుట కష్టము.

ఆ చివరి దినములలో వ్రేళ్లులేని పియరీ చాలవరకు బండిపై ప్రయాణము చేసెను. హెన్సనును, ఇన్యూయిట్లును ముందు నడచి దారి తీసిరి. ఒకనాడు మంచు విరిగి హెన్సన్ నీటిలో పడెను. ఊటా మెడపట్టి పైకి లాగి, తడిసిన పాదరక్షలు తీసి, మంచునీటిని దులిపి ప్రాణము నిలిపెను. ఏప్రిల్ 6వ తేదీన గుడిసెలు కట్టిన చోటే ధ్రువమని పియరీ తీర్మానించి జెండా నాటించెను. ఆ స్థలమునకు తాను ముందుగా చేరితినని హెన్సన్ తరువాత చెప్పెను. నాటినుండి పియరీ ముఖము మారెను. తిరుగుప్రయాణములో సేవకునితో ఎన్నో మాటలు మాటాడలేదు. ఏప్రిల్ 23న ఆరుగురును ప్రాణములతో కేప్ కొలంబియా చేరిరి.

అక్కడినుండి తగవు మొదలయ్యెను. 1909 సెప్టెంబరు 1న, పైని చెప్పిన వైద్యుడు కుక్కు తానే 1908 ఏప్రిల్‌లో ధ్రువము చేరితినని తంతి ఇచ్చెను. అయిదుదినములకు పియరీ తంతి వచ్చెను. కుక్కు మాట నిలువలేదు. అమెరికా శాసనసభ 1911లో పియరీని గౌరవించి నౌకాదళమున ఉన్నతపదవీ విరామవేతనము నిచ్చెను. అయితే పియరీ మాటయు పూర్తిగా నిలిచెనని చెప్పరాదు. లెక్క చూడుడు. మొదటి 280 మైళ్లు నడచుటకు నెలదినములు పట్టినవి. ఆగిన దినములు తీసివేసినను దినమునకు పండ్రెండు మైళ్లకు మించదు. కొలతలు సరిచూడగల బార్ట్‌లెట్ మరలిన మరునాటినుండి దినమునకు ఇరువదియారు మైళ్లు నడచినట్లు లెక్క కనబడుచున్నది. ఆ చివరి దినములలో సూర్యుని ఎత్తు చూచి అక్షాంశము కట్టిరి గాని, దారి తూర్పునకో పడమరకో జరిగెనా యని తెలుపు రేఖాంశము కట్టలేదు. పొలము నిడివి కొలిచి వెడల్పు విడిచిన కొలతపుస్తకమును ఏ తహసీలుదారు అంగీకరించును? దినచర్యలో ఏప్రిల్ 6 నాటి ఘనకార్యము పుస్తకపు పుటలో లేదు. విడికాగితముపై వ్రాసి చేర్చబడియున్నది. బ్రిటిషు యాత్రికుడు వాలీ హెర్బర్ట్ ఆ పుస్తకమును పరిశీలించి, వారు ధ్రువమునకు కొన్ని పదుల మైళ్లు ఎడముగానే ఆగిరని 1988లో అభిప్రాయపడెను. మరుసటి సంవత్సరము మరియొక పరిశోధకబృందము ఛాయాచిత్రములలోని నీడలను కొలిచి పియరీ పక్షమున తీర్పిచ్చెను. తగవు తీరలేదు. మంచుపై ధ్రువము చేరినట్లు సందేహము లేక ఋజువైన మొదటి యాత్ర 1968లో యంత్రపుబండ్లపై రాల్ఫ్ ప్లెయిస్టెడ్ చేసినది. హెర్బర్ట్ బృందము 1969 ఏప్రిల్ 6న కుక్కబండ్లతో చేరెను.

ఈ సందేహము హెన్సన్ పద్దునకు తగ్గింపు కాదు. ధ్రువబిందువును నిర్ణయించుట ఆతనికి అప్పగింపబడిన పని కాదు. కదలుచున్న సముద్రముపై ఆరుగురిని అంతదూరము తీసికొనిపోయి, ఒక్క ప్రాణమైనను పోగొట్టక నేలకు చేర్చుట ఆ అయిదుగురి పని. అది జరిగెను. దానిని ఎవరును కాదనలేదు.

వాల్మీకి సేతువు కట్టిన నలుని పేరు మరువలేదు. గంగ దాటించిన గుహుని పేరును మరువలేదు. అమెరికా పత్రికలు హెన్సన్‌ను పియరీ సేవకుడని ఒక్క ముక్కలో ముగించినవి. పియరీకి పతకములు, విందులు, పదవి. హెన్సన్‌కు ఒక మోటారుకొట్టులో బండ్లు చూచు పని దొరికెను. 1912లో తన యాత్రను పుస్తకముగా ప్రకటించెను. దానికి పియరీ ముందుమాటయు, నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టను పరిచయమును వ్రాసిరి. పుస్తకము వలన జీవనము గడువలేదు. 1913లో అధ్యక్షుడు టాఫ్ట్ ఉత్తరువుపై న్యూయార్కు సుంకముల కార్యాలయములో సంవత్సరమునకు 900 డాలర్ల జీతముపై కాగితములు మోయు పని లభించెను. ఆకాశమును కొలిచి దారి తెలిసికొనగలవాడు ఒక బల్లనుండి మరియొక బల్లకు కాగితములు చేరవేయుచు, గుమాస్తాయై, 1936లో విరమించెను. ప్రత్యేక పింఛను ఇప్పింపవలెనని శాసనసభలో చేసిన ప్రయత్నములు నెరవేరలేదు. ఆతడు ఎవరిని దూషింపలేదు. 1920లో మరణించిన పియరీని గూర్చి చివరివరకు గౌరవముతోనే మాటాడెను.

గుర్తింపు వచ్చెను గాని నత్తనడకను వచ్చెను. 1937లో, డెబ్బదియేండ్ల వయస్సున, న్యూయార్కు యాత్రికసంఘము ఆతనిని సభ్యునిగా చేర్చుకొనెను. 1944లో శాసనసభ పియరీ సహచరులకు పతకము మంజూరు చేసెను. 1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తన భవనమునకు ఆహ్వానించెను. 1955 మార్చి 9న, ఎనుబదియెనిమిదవ యేట హెన్సన్ న్యూయార్కులో మరణించెను. నగరపు ఉడ్‌లాన్ శ్మశానములో పాతిపెట్టిరి.

కథ అక్కడ ఆగలేదు. గ్రీన్‌లాండులో హెన్సన్‌కు అనౌకాక్ అను కుమారుడు 1906లో పుట్టియుండెను. ఆ యేటనే పియరీకి కూడ అక్కడ ఒక కుమారుడు పుట్టెను. ఇరువురును వేటగాండ్రుగా జీవించి ముసలివారైరి. 1986లో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అలెన్ కౌంటర్ వారిని వెదకి కనుగొనెను. 1987లో, ఎనుబదియేండ్ల వయస్సున, అనౌకాక్ అమెరికాకు వచ్చి తండ్రి సమాధిని చూచెను. పసితనముననే తనను విడిచిపోయిన తండ్రి ముఖమును ఆతడెన్నడు ఎరుగడు. స్వదేశమునకు మరలిన కొలదికాలమునకే గతించెను. 1988 ఏప్రిల్ 6న, ధ్రువయాత్రకు 79 ఏండ్లు నిండిననాడు, హెన్సన్ అవశేషములను ఆతని భార్య లూసీ అవశేషములతో కూడ ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానమునకు తెచ్చి, పియరీ సమాధికి చేరువనే సైనికమర్యాదలతో ఉంచిరి. పియరీకి 1906లోనే ఇచ్చిన హబ్బర్డ్ పతకమును నేషనల్ జియోగ్రాఫిక్ సంఘము హెన్సన్ పేర 2000వ సంవత్సరమున ప్రకటించెను. ఇరువురి పతకములకు నడుమ 94 ఏండ్లు గడచినవి.

ఇటీవలి దశాబ్దములలో ధనవంతులు విమానముపై 89వ డిగ్రీ వరకు పోయి, వేతనము పుచ్చుకొను మార్గదర్శి వెంట మిగిలిన డిగ్రీని మంచుపై నడచి, ధ్రువమున నిలుచుండి ఛాయాచిత్రము తీయించుకొని వచ్చిరి. ఉత్తరపు సముద్రమున మంచు పరచుకొను మేర 1979 మొదలు ఉపగ్రహములు కొలుచుచున్నవి. అది ఏటికేడు కుదించుకొనిపోవుచు వచ్చినది. హెన్సన్ కుక్కలతో దాటిన గట్టి పాతమంచు నేడు చాలచోట్ల లేదు.

మిగిలిన నలుగురు మార్గదర్శకులలో ఎగింగ్వా, సీగ్లూ, ఊక్వియాలను గూర్చి పుస్తకములలో కానవచ్చునది మిక్కిలి కొలది. ఊటా మాత్రము దీర్ఘకాలము జీవించి, హెన్సన్ గతించిన 1955లోనే తానును గతించెను. 1978లో డెన్మార్కు కొలతగాండ్రు గ్రీన్‌లాండునకు ఉత్తరమున, సముద్రములో, కొన్ని గజముల గులకరాతి తిప్ప నొకదానిని కనుగొని, ప్రపంచములోని నేలలలో అదియే ఉత్తరపు కొసయని తలంచి దానికి ఊటా పేరు పెట్టిరి. తరువాతి యేండ్లలో వెదకబోయినవారికి ఆ తిప్ప కనిపింపలేదు.